ఎర్రసిరాతో దిద్దిన అంకె

వాగు పొంగి, కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు కొట్టుకుపోయిన ఏడు అది.

గుంటూరు మిరప కొట్లలో మూటలు మోసే బుడాన్ ఆ ఏడు రెండుసార్లు బస్తా కింద పడిపోయాడు.

"పొద్దున్నే ఎక్కడ తాగొస్తున్నావురా? సారా నిషేధం నీ ఒక్కడికి ఎత్తేశారా?" మేస్త్రి నవ్వాడు. తర్వాత నవ్వకుండా అన్నాడు. "ఇంకోసారి పడ్డావంటే ఇటు రాబాకు."

బుడాన్ చుక్క ముట్టి ఎరగడు.

వీధిలో కాంపౌండరు చక్కెర జబ్బన్నాడు. ఆ మాట విన్న పూటే భార్య మౌలాబీ బెల్లం కుండ అటకెక్కించింది. అప్పట్నుంచి పడటం మరీ ఎక్కువైంది.

ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరుగారు రద్దీలో కాంపౌండరు మాటే చీటీ మీద రాశారు. ఒక్కో జబ్బుకు ఒక్కో అంకె; చీటీ మీద అది పడితేగాని మందివ్వరు. ఆ అంకెలు వేసేది జయరావనే ముసలి గుమాస్తా. చక్కెర జబ్బుకు రెండొందల అరవై.

జయరావు కలం ఎత్తాడు. దించలేదు.

"పడిపోయేది ఎప్పుడయ్యా?"

"తెల్లారగట్ల. పరగడుపున."

"చెమటలు పడతాయా?"

"తడిసిపోతాను."

"బెల్లం ముక్క నోట్లో పెడితే?"

"లేచి కూర్చునేవాడండి," అంది మౌలాబీ. "ఇప్పుడు పెట్టట్లేదు. తీపి విషమన్నారుగా."

జయరావు ముఖం పాలిపోయింది.

"పెట్టమ్మా. ముందు అది పెట్టు. నేనీ అంకె వెయ్యను. ఇది చక్కెర పెరిగే జబ్బు కాదు, తగ్గిపోయే జబ్బులాగుంది. దానిది రెండొందల డెబ్బై. డాక్టరుగార్ని పరగడుపున రక్తం చూడమనండి."

పొద్దుట్నుంచీ వరసలో నిలబడ్డ బుడాన్‌కి ఒళ్లు మండింది.

"అంకెలేసుకునే మనిషివి, నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదు."

"మరి నీకెందుకయ్యా పెత్తనం?"

జయరావు చీటీ తీసుకుని తానే డాక్టరు గదిలోకి నడిచాడు.

మర్నాడు రక్తం చూస్తే ఆయన మాటే నిజమైంది. మద్రాసు పంపి కడుపు కోయించారు. చక్కెరను తగ్గించేస్తున్న శనగగింజంత గడ్డ తీశారు.

ఏడాది తిరిగేసరికి బుడాన్ మళ్లీ బస్తాలెత్తుతున్నాడు. ఒకరోజు బెల్లం అచ్చు తువ్వాల్లో కట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. కుర్చీలో కొత్త గుమాస్తా ఉన్నాడు.

"జయరావుగారు పోయి నెలైందయ్యా."

బుడాన్ బెల్లం అచ్చు తీసి బల్ల మీద పెట్టాడు.

"నానా మాటలన్నానండి ఆయన్ని. నేనెవరినని అంత శ్రమ పడ్డాడు?"

కొత్త గుమాస్తా ఒక పాత రిజిస్టరు తెరిచాడు. పేజీ మొత్తంలో ఒకే ఒక్క అంకె ఎర్రసిరాతో కొట్టేసి, దిద్ది ఉంది.

"ఈ పేరు రెబ్కా. ఆయన భార్య. రెండొందల అరవై అని వేసింది ఆయనే. ఆఖరు రోజు ఆమె చేతిలో బెల్లం ముక్క లాక్కున్నదీ ఆయనే. ఆమె పోయాక పెద్ద డాక్టరు చెబితే, డెబ్బై అని దిద్దుకున్నాడు."

మర్నాడు పొద్దున్నే కొట్లకు పోతూ బుడాన్ ఆసుపత్రి వరండాలో ఆగాడు. బల్ల మీద చెమటలు కారుతూ కూర్చున్న ఒకామె దగ్గర గొంతుక్కూర్చుని అడిగాడు.

"బెల్లం ముక్క పెడితే తేరుకుంటున్నావా అమ్మా?"