తీసేసిన లైను

హైదరాబాద్ నుంచి తనిఖీకి వచ్చి గద్వాల విత్తనపత్తి ఆఫీసు సర్వర్ తెరిచి, డిస్కును నడిపే డ్రైవర్ సెట్టింగులు చూడగానే నాకు నవ్వొచ్చింది.

"డిస్కు పలికేదాకా ఇంతసేపు ఆగమని రాసిన మేధావి ఎవరు?"

"నేనే సార్," అంది ఆపరేటర్ సుప్రియ. "పక్కన జిన్నింగ్ మిల్లు షురువైతే కరెంటు పడిపోతది. డిస్కు జర ఆలస్యంగ పలుకుతది. నెల దినాలు చూసి పెట్టిన."

"సర్వర్‌కు మీ మిల్లు గొడవలెందుకమ్మా?" ఆ లైను తీసేసి సర్వర్‌ను మళ్లీ స్టార్ట్ చేశాను. 'ఇక్కడ ఆపరేటర్ అవసరం లేదు' అని ఆమె ఎదుటే హైదరాబాద్‌కు రిపోర్టు పంపాను.

మిల్లు సైరన్ మోగింది. లైట్లు మసకబారాయి. డిస్కు కనబడటం లేదని తెర మీద వచ్చింది. పత్తి డబ్బుల కోసం బయట నిలబడ్డ రైతుల పేర్లన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి.

రెండుసార్లు స్టార్ట్ చేసినా డిస్కు పలకలేదు. తీసేసిన లైనులో ఎంతసేపు ఆగమని ఉందో నాకు గుర్తు రాలేదు.

"ఇప్పుడెట్లా అమ్మా?"

సుప్రియ బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"ఆపరేటర్‌ను అడుగుండ్రి సార్."