అల్జీరియా పోలిక

ఎన్నికల ఫలితాలొచ్చిన మర్నాడు మా ఆడబిడ్డ మబ్రూకా వస్తే, చరిత్ర పాఠాలు చెప్పే మా ఆయన గుమ్మంలోనే ఆపేశారు.

“ఆ మతపార్టీ గడ్డాలవాళ్లకే ఓటేశావుగా? పక్కనున్న అల్జీరియాలోనూ తొంభై ఒకటిలో ఇలాగే వేశారు. అంతర్యుద్ధమొచ్చి ఊళ్లకు ఊళ్లు వల్లకాడయ్యాయి. ఇంక మా గడప తొక్కకు.”

“ఇది ట్యునీషియా అన్నయ్యా. నేను నీ చెల్లెల్ని.”

ఆయన తలుపేశారు. నేను వెనకనుంచి వెళ్లి సందులో ఆమెను పట్టుకున్నాను.

“నా కొడుకు అనీస్ ఇటలీకని దొంగపడవెక్కి కనిపించకుండా పోయాక, వాడి ఫొటో పట్టుకుని తిరిగింది వాళ్లే వదినా. అందుకే వేశాను.”

తర్వాతి ఎన్నికల్లో ఆ పార్టీ ఓడి, మారుమాట లేకుండా దిగిపోయింది. నెత్తురు చిందలేదు. ఆ సాయంత్రమే మా ఆయన నన్ను వెంటబెట్టుకుని వెళ్లి చెల్లెలి తలుపు తట్టారు.

లోపల ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడైంది.

“అనీస్, వచ్చావా నాన్నా?”