చెవి ఎత్తు

“మళ్లీనా అమ్మా?” అన్నాడు వడ్రంగి మేస్త్రీ, పనిముట్ల సంచీ వరండాలో దించుతూ. “ఈసారి ఎంత తేడా వచ్చింది?”

“తేడా ఏం లేదండీ. ఇంకాస్త ఎత్తు కావాలి, అంతే.” ఆ ఇంటి ఇల్లాలు మడతపెట్టిన కాగితం అందించింది.

విప్పి చూశాక మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. ‘చెవి ఎత్తు అరవై ఒక్క అంగుళాలు’ అని రాసి ఉంది.

ఆ ఇంట్లో నేల మీద నిలబెట్టే స్పీకర్లు రెండున్నాయి. నడుము దాకా కూడా రాని డబ్బాలు. వాటి పైభాగంలో ఉన్న చిన్న గుండ్రం వినేవాళ్ల చెవికి సరిగ్గా ఎదురుగా ఉంటేనే పాట పాటలా వినిపిస్తుందట. నేల నుంచి ఆ గుండ్రానికి ఇరవై ఆరు అంగుళాలు. చెవి అంతకన్నా ఎంత ఎత్తులో ఉంటే, డబ్బా కింద అంత ఎత్తు పీట వెయ్యాలి. కొత్తగా పని నేర్చుకున్నవాడైనా చేసే పని. అలాంటి పనికి ముప్పై ఏళ్ల అనుభవమున్న మనిషి ఈ గడప తొక్కడం ఇది నాలుగోసారి.

మొదట ఇరవై ఎనిమిది అన్నారు. రెండంగుళాల చెక్కలు చేసిచ్చాడు. మూడు నెలలకి ముప్పై ఆరు అన్నారు. ఆ తర్వాత నలభై నాలుగు. ముచ్చటగా మూడోసారికి కుదిరిందిలే అనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. ఇప్పుడిది.

“ఎవరు కొలిచారమ్మా దీన్ని?”

“కొలవలేదండీ. నాకు తెలుసు.”

మేస్త్రీ కాగితం జేబులో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి భార్యకి చెబితే ఆవిడ పడీపడీ నవ్వింది. “ఏమయ్యా, ఆ ఇంట్లో చెవులు పెరుగుతున్నాయా, నీ చేతిలో పనితనం తరుగుతోందా?”

“ఉన్నవాళ్ల ముచ్చట్లే, నీకేం తెలుసు? కొలతలు చూస్తే తెలియడంలా, ఆ ఇంటాయన మొదట మంచం మీద పడి విన్నాడు. అది మొహం మొత్తి పడక్కుర్చీ కొన్నాడు. తర్వాత మామూలు కుర్చీ. ఇప్పుడింక ఏ అటకెక్కి వింటాడో.”

“ఆడలేక మద్దెల ఓడు” అంది ఆవిడ, చేటలోంచి తలెత్తకుండా.

ఆ మాట ముల్లులా దిగింది. చేసిన వస్తువు వెనక్కి రాలేదన్నదొక్కటే అతని ఆస్తి. ఇప్పటికే కలప అడితీలో అతనికి ‘పీటల మేస్త్రీ’ అని పేరు పెట్టి నవ్వుకుంటున్నారు. ఈసారి కూడా కుదరకపోతే ఉలి అటక మీద పెట్టేసి ఇంట్లో కూర్చోవాల్సిందే అని గట్టిగా అనుకున్నాడు.

అసలా వినే మహానుభావుణ్ణి అతనెప్పుడూ చూడలేదు. ప్రతిసారీ ఇల్లాలే వరండాలో సరుకు దింపించుకునేది. సాయంత్రం ఆవిడ తమ్ముడొచ్చి లోపలికి చేరవేసేవాడు. ఒకసారి ఉండబట్టలేక, “సార్ని ఒక్కసారి పిలవండమ్మా, చెవి కొలుచుకుపోతాను” అంటే, “పడుకునే ఉన్నారండీ” అంది. అప్పుడు పగలు పదకొండు గంటలు. ఇలాంటి బద్ధకస్తుడికి చాకిరీ చేసే ఆవిడ మీద జాలేసింది మేస్త్రీకి.

నాలుగు రోజులు వేరే పని ముట్టుకోలేదు. దాదాపు మూడడుగుల స్టాండ్లు కదా, బరువైన డబ్బా పైన పెడితే తూలుతుందని అడుగుభాగం వెడల్పుగా చేశాడు. కాళ్లు గుల్లగా చేసి వాటి నిండా ఇసుక పోశాడు. ఐదో రోజు పొద్దున్నే తీసుకెళ్లాడు.

“అక్కడ పెట్టండి, తమ్ముడొస్తాడు” అంది ఇల్లాలు.

“లేదమ్మా. ఇవి నేనే లోపల బిగించాలి. పడితే మనిషికి దెబ్బ తగులుతుంది. ఇంకో మాట, సార్ చెవి నేను స్వయంగా కొలవందే ఇవి ఇచ్చేది లేదు. మీరు ఏమనుకున్నా సరే.”

ఆవిడ మూసి ఉన్న గది తలుపు వంక చూసింది. “పది నిమిషాలు కూర్చోండి” అని లోపలికెళ్లి తలుపేసుకుంది.

కుర్చీ ఈడ్చిన చప్పుడు. గుసగుసలు. ఎవరో రొప్పుతున్నట్టు శబ్దం. పది నిమిషాలు కాస్తా అరగంటయింది. పెళ్లికొడుకు ముస్తాబవుతున్నాడు కాబోలు అని మేస్త్రీ పళ్లు నూరుకున్నాడు.

తలుపు తెరుచుకుంది.

కిటికీ దగ్గర పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. మేస్త్రీ నమస్కారం పెట్టాడు. ఆయన నవ్వాడు గానీ చువ్వల మీంచి చేతులు తియ్యలేదు. నమస్కారానికి ప్రతి నమస్కారం కూడా బరువేనా అనుకున్నాడు మేస్త్రీ. ఫ్యాను గిరగిరా తిరుగుతున్నా ఆయన చొక్కా తడిసి ఉంది.

“ముందు కొలిచెయ్యండి మేస్త్రీ గారూ, ఆలస్యం చెయ్యకండి” అంది ఇల్లాలు.

అరగంట కూర్చోబెట్టి ఇప్పుడీ తొందరొకటి. మేస్త్రీ వంగి టేపు కొస నేలకి ఆనించి, చెవి దాకా లాగాడు. అంకె చూసి, నమ్మకం లేక మళ్లీ చూశాడు. అరవై ఒకటి. వెంట్రుకవాసి తేడా లేదు.

“సరిపోయిందా?” అని అడిగాడాయన, మాట కూడబలుక్కుంటూ.

“అతికినట్టు సరిపోయింది సార్.” మేస్త్రీ గుండెల మీంచి బండ దిగింది. పేరు దక్కింది. అయినా మనసాగక ఇల్లాలి వైపు తిరిగాడు. “ఇంత సరిగ్గా చెప్పగలిగినవారు, ముందు మూడు కొలతలూ ఎందుకు తప్పు చెప్పారమ్మా?”

ఆవిడ భర్త నుదుటి చెమట తువ్వాలుతో తుడుస్తోంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు.

“ఒక్కటీ తప్పు కాదు మేస్త్రీ గారూ, పది నెలల తర్వాత ఈయన తన కాళ్ల మీద నిలబడింది ఇవాళే.”