గడపలో కూర్చున్నావిడ

సోమవారం నుంచి బడి కొత్త బిల్డింగులో జరుగుతుందనీ, తల్లిదండ్రులంతా రావాలనీ అబ్బులు పేటంతా డప్పు కొట్టి చెప్పి వెళ్లాడు.

ఆ మర్నాడే రాజోలు బస్సు దిగి ఎవరో ఒకావిడ పేటలోకి వచ్చింది.

నలభై ఏళ్లుంటాయి. ఖరీదైన చీర, కాళ్లకు చెప్పులు. ఎవరి చుట్టమో ఎవరికీ తెలియదు.

ఆవిడ ఇంటింటి ముందూ ఆగి ఒకటే మాట చెప్పింది, పిల్లల్ని ఆ కొత్త గదుల్లోకి పంపవద్దని.

ఎందుకని అడిగితే శ్లాబు మంచిది కాదంది. నీకెలా తెలుసంటే తల దించుకుంది. పేరడిగితే పక్కింటికి వెళ్లిపోయింది.

అలా సువార్తమ్మ ఇంటికి వచ్చింది.

సువార్తమ్మ కూతురు నాగమణి రెండో తరగతి చదువుతోంది. ఎండ కాస్తే కొబ్బరిచెట్ల కింద, వానొస్తే చర్చి వరండాలో సాగిన బడి అది. బిల్డింగు కోసం సువార్తమ్మ పేట ఆడవాళ్లను వెంటబెట్టుకుని అమలాపురం ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. కాలవ అవతల ఊరివాళ్లు దాన్ని తమ వైపు లాక్కుపోబోతే అడ్డం పడి ఆపింది.

పిల్లల్ని పంపవద్దన్న మాట వినేసరికి ఆమెకి ఒళ్లు మండిపోయింది.

“కాలవ అవతలోళ్లు పంపేరా మిమ్మల్ని?”

“నన్నెవరూ పంపలేదమ్మా. బిడ్డ తల్లివి, నా మాట విను.”

“మా పిల్లలు ఇన్నేళ్లూ వానలో తడిసేరండి. అప్పుడు రాలేదేం మీరు? ఇప్పుడు నాలుగ్గోడల మధ్య కూర్చుంటారనేసరికి వచ్చేరా?”

ఆవిడ గుమ్మం వదిలి కదల్లేదు.

సువార్తమ్మ ఆవిడని చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి నడిపించింది. బస్సు ఎక్కించి, అది కదిలేదాకా అక్కడే నిలబడింది.

హెడ్మాస్టరు జ్ఞానప్రకాశంగారికీ సంగతి చెప్పింది. ఆయనకీ కోపం వచ్చింది. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి దగ్గరే అందరినీ ఆపి, పనికిమాలిన పుకార్లు నమ్మవద్దనీ, ఇంజనీరుగారు చూసి బాగుందన్న బిల్డింగు అదనీ నచ్చజెప్పాడు. ఇంజనీరు మాట మీద ఆయనకి అంత నమ్మకం.

సోమవారం బడి ముందు షామియానా వేశారు. రంగుకాగితాలు కట్టారు. పిల్లలు తలకి నూనె రాసుకుని, ఉతికిన బట్టలతో వరసగా నిలబడ్డారు.

తీరా చూస్తే పెద్దగది గడప మీద ఆవిడ కూర్చుని ఉంది. రెండు చేతులతో ద్వారబంధాన్ని పట్టుకుని.

జ్ఞానప్రకాశంగారు బతిమాలాడు. ప్రెసిడెంటుగారు కేకలేశాడు. పిల్లల్ని లోపలికి తీసుకెళ్లాలంటే తనని తొక్కుకుంటూ తీసుకెళ్లమంది ఆవిడ.

ఆ గొడవకి షామియానాలోంచి కాంట్రాక్టరు వెంకటరాజు లేచి వచ్చాడు. పేటవాళ్లు అప్పుడే వేసిన బంతిపూల దండ ఇంకా అతని మెడలోనే ఉంది.

అతన్ని చూశాక ఆవిడ మరి మాట్లాడలేదు. చేతులు మాత్రం తియ్యలేదు.

“ఎవరో మతిలేని మనిషండి, పాపం. పిల్లలు జడుసుకుంటున్నారు. పోలీసులకి అప్పజెప్పేయండి,” అన్నాడతను మెత్తగా.

సువార్తమ్మే ముందుకొచ్చి ఆవిడ వేళ్లు ఒక్కొక్కటే ఊడదీసింది. ఆ పెనుగులాటలో గాజులు చిట్లి ఆవిడ మణికట్టు మీద రక్తం వచ్చింది. అయినా సువార్తమ్మకి జాలి కలగలేదు. ఇన్నేళ్ల కష్టం తర్వాత వచ్చిన పండగని పాడుచేసిందన్న మంటే మిగిలింది.

పోలీసులు ఆవిడని జీపెక్కించి తీసుకెళ్లారు.

చిన్నపిల్లలు బెదిరిపోయి ఏడుపు ఆపలేదు. దాంతో రిబ్బను కత్తిరించి, ఉపన్యాసాలు షామియానాలోనే ముగించి, మిఠాయి పంచి ఇళ్లకి పంపేశారు. గదుల్లో పాఠాలు రేపట్నుంచి అన్నాడు జ్ఞానప్రకాశంగారు.

మధ్యాహ్నం గట్టిగా వాన పట్టింది.

ఆ వానలో పెద్దగది శ్లాబు కూలిపోయింది.

పేటంతా పరుగెత్తింది. లోపల ఎవరూ లేరని తెలిసినా తల్లులు తమ పిల్లల పేర్లు పెట్టి పిలుస్తూనే ఉన్నారు.

సువార్తమ్మ ఒక పెళ్ల తీసి చేత్తో నలిపింది. పొడిపొడిగా రాలిపోయింది. అందులో గవ్వముక్కలు కనిపించాయి.

“ఇది సముద్రపు ఇసకండి మేష్టారూ. సిమెంటన్నదే లేదు. మన పిల్లలంటే ఇంత చవకా వీళ్లకి?”



మగవాళ్లు కాంట్రాక్టరు ఎక్కడున్నాడంటూ కర్రలు పట్టుకుని బయల్దేరారు. సువార్తమ్మ మాత్రం మేష్టారిని తీసుకుని, తడిబట్టలతోనే పోలీస్ స్టేషనుకి వెళ్లింది. ఆవిడ కాళ్ల మీద పడాలి. ఇంటికి తీసుకొచ్చి, తన చేత్తో ఇంత అన్నం పెట్టాలి. దారంతా ఆమెకి అదే ఆలోచన.

స్టేషన్లో బల్ల దగ్గర హెడ్‌కానిస్టేబులు ఒక్కడే ఉన్నాడు.

పొద్దున్న తెచ్చినావిడని వదిలిపెట్టమనీ, తప్పు తమదేననీ జ్ఞానప్రకాశంగారు చెప్పాడు.

ఆవిడ ఇక్కడ లేదన్నాడు హెడ్‌కానిస్టేబులు. వాన మొదలవకముందే ఇంటాయన కారు వేసుకొచ్చి తీసుకెళ్లిపోయాడట.

“ఆవిడ ఇష్టపడే వెళ్లేరాండి?” అంది సువార్తమ్మ.

“వెళ్లనని ఒకటే ఏడుపండి. ఇక్కడే ఉంటాను, లాకప్పులోనైనా పెట్టండంది. సొంత భర్త వచ్చి అడిగితే మేమెలా కాదంటామండి?”

“ఎవరండీ ఆయన?”

హెడ్‌కానిస్టేబులు ఆశ్చర్యంగా చూశాడు.

“అదేంటండీ, పొద్దున్న మీరే దండేసేరు కదా. కాంట్రాక్టరు వెంకటరాజుగారండి.”