పొయ్యి లేని వంటిల్లు

"పొయ్యే లేకుండా వంటేమిటండీ అయ్యగారూ! నన్ను పెట్టుకున్నది వంటకా, వేళాకోళానికా?"

పెద్దాయన నవ్వబోయి ఆగిపోయాడు.

"మా ఇంట్లో సలాడే భోజనమండీ. కడుపు నిండాలి, అంతే. ఉడికించాల్సినవన్నీ అమ్మాయి వాళ్లింట్లో ఉడికించి తెస్తుంది."

బల్ల మీద ఉడికిన శనగలు, బంగాళాదుంపలు, గుడ్లు ఉన్నాయి. పక్కనే కీరా, టమాటాలు, ఉల్లిపాయలు, తడి గుడ్డలో చుట్టిన ఆకులు. పొయ్యి ఉండాల్సిన చోట గట్టు బోసిగా ఉంది. దాని వెనక గోడ మీద మనిషెత్తున మసి మరక. ఎంత తోమినా వదలనట్టుంది.

ఆమె ఆ మరక మీంచి చూపు తిప్పుకుంది. వచ్చేటప్పుడు ముందు గదిలో ఫొటో చూసింది. పెద్దాయన పక్కన నెరిసిన జుట్టుతో ఒకావిడ. గడ్డం మీద పుట్టుమచ్చ.

"ఇంటావిడకి... ఇక్కడేనా జరిగింది?"

"పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయింది. ఆ మర్నాడే పొయ్యి తీయించేశాను."

అడక్కూడదనుకుంటూనే అడిగేసింది. "ఆవిడ పోయి ఎన్నాళ్లయిందండీ?"

"ఒక్కసారిగా పోలేదు. కొంచెం కొంచెంగా పోయింది."

ఒళ్లు కాలి ఎన్నాళ్లు తీసుకుందో పాపం, అనుకుంది ఆమె.

మేకుకు వేలాడుతున్న ఏప్రన్ కట్టుకుంది. నాడాలు సరిగ్గా పాత మడత మీదే ముడిపడ్డాయి. తన నడుమూ పోయినావిడ నడుమూ ఒకే కొలతన్నమాట. ఎందుకో ఆ ఆలోచన నచ్చలేదు.

కీరా చెక్కు తీయాలి. చూడకుండానే చెయ్యి కింది సొరుగులోకి వెళ్లింది. పీలర్ చేతికొచ్చింది.

అది అక్కడుందని తనకెవరు చెప్పారు?

మొండి కత్తితో ఉల్లిపాయలు తరిగింది. నిమ్మకాయ పిండింది, ఉప్పు చల్లింది. వెంటనే చేతులు వాటంతటవే పళ్లెం తీసి గిన్నె మీద బోర్లించాయి.

'మూత పెడితేనే ఘాటు చచ్చేది.'

ఆడ గొంతు. చెవి పక్కనే. గిర్రున తిరిగింది. కుర్చీలో పెద్దాయన తప్ప ఎవరూ లేరు.

"మా ఆవిడా అచ్చం ఇలాగే మూత పెట్టేది." అన్నాడాయన.

ఆమె చేతిలోని చెంచా ఠంగున కింద పడింది.

"నావల్ల కాదండీ. ఆవిడ ఇక్కడే ఉంది. నా చేతుల్లో దూరుతోంది. ఇంకాసేపుంటే నేను నేనుగా మిగలను. వెళ్లిపోతాను."

"భోజనం దాకా ఉండవే..." అనేసి నాలిక కరుచుకున్నాడు. "ఉండండి. ఈ ఒక్క పూటా. మీ చేత్తో తినాలనుంది."

ముక్కూ మొహం తెలియని ఆడదాన్ని 'ఉండవే' అంటాడా! కడిగేద్దామనుకుంది. కానీ ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. సరే, ఈ పూట వడ్డించి దణ్ణం పెట్టి పోదాం అనుకుంది.

అంతలో వీధి తలుపు చప్పుడైంది. అమ్మాయి చేతిలో డబ్బాతో ఆయాసపడుతూ వచ్చింది.

"అమ్మా, వేయించిన పల్లీలు ఇవిగో. పచ్చివే వేసేస్తావేమోనని పరుగెత్తుకొచ్చా."

"దార్లో సగం నువ్వే బొక్కేసినట్టున్నావు. డబ్బా వెలితిగా ఉంది."

ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో తెలియదు. యజమాని కూతుర్ని అలా అనొచ్చా? పిల్ల కోప్పడలేదు. ఫక్కున నవ్వింది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుంది.

మంచి పిల్ల. వంటమనిషిని కూడా నోరారా 'అమ్మా' అంటోంది. తల్లి పెంపకం అలాంటిది మరి.

ఆమె గబగబా అన్నీ కలిపింది. శనగలు, దుంపలు, గుడ్డు ముక్కలు, ఊరిన ఉల్లిపాయలు. పైన మిరియాల పొడి, చెంచాడు తేనె. చివర్లో ఆకులు చేత్తో తుంచి వేసింది. కత్తి తగిలితే ఆకు నల్లబడుతుంది. ఇదీ ఎవరు చెప్పారో తెలియదు.

పల్లీలు చల్లుతూ ముంజేత్తో కన్ను రుద్దుకోబోయింది. వేలు తగిలింది. ఉల్లి ఘాటు, నిమ్మ పులుపు. కళ్లు భగ్గుమన్నాయి. కళ్లు మూసుకునే మూలనున్న వాష్‌బేసిన్ దగ్గరకు చేరి మొహం కడుక్కుంది. గోడ మీద తువ్వాలు కోసం తడిమింది. దొరికింది. లాగింది. మొహం తుడుచుకుని కళ్లు తెరిచింది.

ఎదురుగా, జానెడు దూరంలో ఇంటావిడ!

అదే నెరిసిన జుట్టు. గడ్డం మీద అదే పుట్టుమచ్చ. ఒంటి మీద ఇదే ఏప్రన్. ఎర్రబడిన కళ్లతో ఆమెనే చూస్తోంది.

ఆమె కెవ్వున అరిచింది. ఆవిడా నోరు తెరిచింది.

పెద్దాయన పరుగున వచ్చి ఆమెను పొదివి పట్టుకున్నాడు. "ఏం లేదు, ఏం లేదు. వెళ్లిపోయింది. ఇక రాదు."

కింద పడిన తువ్వాలు తీసి, మళ్లీ గోడకు కప్పుతూ అమ్మాయి నీరసంగా అంది:

"ఈ అద్దం పీకించెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను నాన్నా, అమ్మ మళ్లీ తనని చూసుకుని తనే జడుసుకుంది."