కర్ర అక్కర్లేని మొక్కలు

"దీనికి కర్ర కావాలా?" అంది అత్తగారు, టమాటా విత్తనాల పొట్లాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని.

"కావాలి అత్తయ్యా. ఇది మనిషెత్తు పెరిగే రకం. గుత్తులు గుత్తులుగా కాస్తుంది. కర్ర పాతి కట్టకపోతే కాయలు నేలకి ఆని కుళ్లిపోతాయి."

"అయితే వద్దు."

పొట్లం పర్రున చిరిగింది. విత్తనాలు వంటింటి తూములోకి వెళ్లాయి. వెనకాలే చెంబెడు నీళ్లు కూడా పోసింది ఆవిడ, ఒక్క గింజైనా మిగలకుండా.

కోడలికి ఒళ్లు మండిపోయింది. పెళ్లయి నాలుగు నెలలు. ఇంటి వెనక అంత పెరడు బీడుపడి ఉంది. ఆమె పుట్టి పెరిగింది నారుమడుల మధ్య. తండ్రి మొక్కలమ్మి ముగ్గురు పిల్లల్ని చదివించాడు. ఈ పెరట్లో తన చేత్తో నాలుగు పాదులు పెట్టుకుంటేనే ఈ ఇల్లు తనదవుతుందని ఆమెకి గట్టి నమ్మకం.

"పోనీ తీగచిక్కుడు?"

"కర్ర?"

"పందిరి వెయ్యాలి కదా మరి! గాల్లో పాకుతుందా ఏమిటి?"

"ఎదురు చెప్పకు. పొదచిక్కుడు వేసుకో. మోకాలెత్తు మించదు."

"అది నెలరోజులు కాసి ఊరుకుంటుంది అత్తయ్యా."

"నెలరోజులు తిను. తరవాత కొనుక్కుని తిను."

బేరం అలాగే సాగింది. గుమ్మడి సరే, నేలమీద పాకుతుంది. బీర, కాకర, సొర వద్దు. బంతి సరే. డాలియా వద్దు, పువ్వు బరువుకి ఊతం అడుగుతుంది. పొదమల్లె సరే, జాజి వద్దు. నిమ్మ సరే. అరటి పేరెత్తగానే ఆవిడ పళ్లు కొరికింది. గెల వేశాక వెదురు గడ ఆనించాలని ఆవిడకీ తెలుసు.

ఆ సాయంత్రం భర్త ఆరు వెదురు కర్రలు భుజాన వేసుకొచ్చాడు. అతనిది గడియారాలు బాగుచేసే పని. కంటికి ఆనని మరలు బిగించే చేతులు. కోడలు వచ్చాక ఒక్కసారైనా గొంతు పెంచింది లేదు.

"నీకేం కావాలో అది పెట్టుకో," అన్నాడు. "అమ్మ సంగతి నేను చూసుకుంటాగా."

మర్నాడు పొద్దున్నే పెరట్లోంచి టకటకమని చప్పుడు. కోడలు పరిగెత్తింది. అత్తగారు చీర బొడ్లో దోపి, గొడ్డలితో వెదురుని జానెడేసి ముక్కలు నరుకుతోంది. జుట్టుముడి ఊడిపోయింది. కోడలు అంతకుముందే కాగితం కప్పుల్లో పోసుకున్న నారంతా ఆవిడ కాళ్లకింద పచ్చడైపోయింది.

"నా నారు!" అంటూ కోడలు గొడ్డలి పట్టుకోబోయింది.

ఆవిడ మోచేత్తో రొమ్మున పొడిచింది. కోడలు వెల్లకిలా పడింది. లేవబోతే చెంప పగిలేలా కొట్టింది. కింది పెదవి చిట్లి రక్తం జాకెట్టు మీద పడింది.

"మళ్లీ ఈ గడపలోకి కర్రొచ్చిందో, నీ కాళ్లు విరగ్గొట్టి మూల కూర్చోబెడతా!"

ముక్కలన్నీ కుప్పవేసి, కిరసనాయిలు పోసి అంటించింది. మంట ఆరేదాకా అక్కడే నిలబడింది, కాపలా ఉన్నట్టు.

భర్త తన జేబురుమాలు తడిపి కోడలి పెదవి తుడిచాడు. "మొదటావిడ పోయినప్పట్నించీ అమ్మ ఇంతే. నువ్వు మనసులో పెట్టుకోకు," అన్నాడు. మొదటి భార్య జ్వరంతో పోయిన సంగతి పెళ్లికి ముందే దాచకుండా చెప్పాడతను.

తరవాత తల్లి గదిలోకి వెళ్లి తలుపేశాడు. లోపల ఏదో దబ్బున పడింది. కాసేపటికి మరొకటి. ఈ మహాతల్లి ఇప్పుడు సామాన్లు విసురుతోంది కాబోలు అనుకుంది కోడలు. అతను చొక్కా చేతులు సర్దుకుంటూ బయటికొచ్చాడు.

"ఇంకేం అనదులే."

మర్నాటికి అత్తగారి ఎడమ మణికట్టు బూరెలా పొంగింది. స్నానాలగదిలో జారిపడ్డానంది. కోడలు లోలోపల సంతోషించింది. వెంటనే కాస్త సిగ్గుపడింది కూడా.

ఆ సిగ్గు వారం నిలవలేదు. భర్త తెచ్చి పాతిన రెండు ఇనపచువ్వల్ని అత్తగారు కట్టు కట్టిన చేత్తోనే ఊడబెరికి, ఈడ్చుకుంటూ వీధి చివరిదాకా వెళ్లి చెత్తబండిలో పడేసొచ్చింది. అడ్డమొచ్చిన కోడలి జుట్టు పట్టి గోడకి నెట్టింది. నుదుటిమీద నిమ్మకాయంత బొప్పి కట్టింది.

"ఆవిడో నేనో తేల్చుకోండి," అంది కోడలు భర్తతో. "ఒకే కప్పుకింద మా ఇద్దరికీ పడదు."

అతను నవ్వాడు. "నేనూ అదే అనుకుంటున్నా."

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. అతను రెండు ముద్దలు తిని, మంచినీళ్లు తాగి, తాపీగా చెప్పాడు.

"ఒకటో తారీఖునించి మేమిద్దరం వేరే ఉంటామమ్మా. ఇల్లు కూడా చూసేశాను. ఊరి చివర, చుట్టూ ఒక్క ఇల్లు లేదు. ఎవరి గోలా ఉండదు. పెరట్లో పందిరి వేసే ఉంది."

"అయితే ముందు బీరపాదు పెడతాను," అంది కోడలు, అత్తగారికి వినపడాలనే.

అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. "నేనూ వస్తాను."

"నువ్వెందుకు? నువ్విక్కడే ఉంటావు," అన్నాడు కొడుకు, అదే నెమ్మదితో.

ఆవిడ అతని వైపు చూడలేదు. గరిటె కింద పెట్టింది. కంచాల మీదుగా వంగి, వాచిన చేత్తోనే కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నీకంటే ముందు ఈ ఇంటికొచ్చిన పిల్ల జ్వరంతో పోలేదే అమ్మా, ఈ పెరట్లోనే పందిరి గుంజ పీకి వీడు దాన్ని కొట్టి చంపాడు."