రెండో కాగితం

దొంగ ఒట్టు పెట్టిన నోటితో చదివే సహస్రనామం దేవుడికి చేరుతుందా?

కామాక్షయ్య అయ్యవారికి ఆరేళ్లుగా ఇదే అనుమానం.

1961 నాటి మాట. అంతకుముందు ఏడాది తుపానుకు దారులు తెగిపోయి, సముద్రపు ఒడ్డు పిల్లలు స్కాలర్‌షిప్ పరీక్షను ఆలస్యంగా, వేరే లెక్కల కాగితంతో రాశారు. కామాక్షయ్య బడిలో ఒక్కరూ గట్టెక్కలేదు. అందరికన్నా చురుకైన ఎలిశబెతు కూడా తప్పి, చదువు మాని ఎండుచేపల గంప ఎత్తుకుంది.

ఇక బడి ఎత్తేస్తారని పుకారు.

అలాంటప్పుడు పరీక్షల ఆఫీసు నుంచి సిలార్ సాహెబు వచ్చాడు, రెండు కట్టలతో.

"ఈ రెండు కాయితాలూ సమానమా కాదా తేల్చాలయ్యా. ఒక్క బడిలో చూసేందుకే నాకు అనుమతి. రేపు ఒకరికి ఇది, పక్కవారికి అది ఇయ్యండి."

"ఎందుకు సాయిబుగారూ?"

"ఇప్పుడు చెప్పకూడదు. చెబితే పరీక్ష చెడిపోతుంది."

కామాక్షయ్య రెండో కట్ట విప్పి చూశాడు. నిరుడు తన పిల్లలంతా తప్పిన కాగితమే! మళ్లీ తప్పితే బడి ఎత్తేయడం ఖాయం.

"ఆ మనిషి వాలకం చూస్తిరా? జేబులో తాళంకప్ప పెట్టుకొచ్చినట్టు ఉండాడు," అంది భార్య రాఘవమ్మ.

ఆ సాయంత్రమే పిల్లలను ఒడ్డుకు తీసుకుపోయి, తడి ఇసుక మీద రెండో కాగితం లెక్కలన్నీ చేయించాడు కామాక్షయ్య.

మర్నాడు రెండో కాగితం వచ్చినవాళ్లు టకటకా రాసేశారు. మొదటిది వచ్చినవాళ్లే తడబడ్డారు.

మార్కులు చూసి సాహెబు ముఖం నల్లబడింది.

"అయ్యవారూ, ఈ లెక్కలు వీళ్లకు ముందే తెలుసునా?"

"లేదండీ."

"దేవుడి మీద చెప్పండి."

"వెంకటేశ్వరస్వామి సాక్షి."

సాహెబు కట్టలు చంకన పెట్టుకుని, తల వంచుకుని ఇసుకలో నడిచి పోయాడు.

రెండు నెలలకు పైనుంచి ఉత్తరువు వచ్చింది. బడి ఎత్తేయడం గురించి అందులో ఒక్క ముక్క లేదు.

"రెండో కాగితం కష్టమన్నది రుజువు కాలేదు. నిరుడు తప్పినవారి ఫలితం మారదు."

సాహెబు వచ్చింది బడి మూయడానికి కాదు, తప్పిన పిల్లలను గట్టెక్కించడానికని అప్పుడు తెలిసింది కామాక్షయ్యకు. అదే వేళకు వీధిలో ఎలిశబెతు కేక వినిపించింది, "ఎండుచేపలమ్మా!" అని.

ఉద్యోగం పోతుందన్న భయం ఆరేళ్లు నోరు నొక్కింది. రిటైరైన మర్నాడే సాహెబు ఊరు నాయుడుపేటకు బస్సెక్కాడు.

సాహెబు భార్య మదార్‌బీ తలుపు తీసింది.

"ఆయన పోయి నెలయిందన్నా."

కామాక్షయ్య గడపలోనే చేతులు జోడించాడు.

"పిల్లలకు ఆ లెక్కలు ముందే చెప్పింది నేనేనమ్మా. రెండో కాయితమే కష్టం. ఈ ఒక్క మాట సాయిబుగారికి బాకీ పడినాను."

మదార్‌బీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇన్నాళ్లకు తీర్చినావులే అన్నా. అంత కష్టంగా ఇచ్చి పిల్లోళ్ల నోట మట్టి కొట్టినానని చచ్చేదాకా ఏడ్చినాడు. ఆ రెండో కాయితం తయారుచేసింది ఆయనే."